కొండ కింద పులిహోర

మా అబ్బాయి రాజీవ్ ఒర్వియెటోకి ఆరు గంటల నలభై నిమిషాలు ఇచ్చాడు. ఇటలీలో ఫ్లోరెన్స్ నుంచి రోమ్ వెళ్ళే రైలుదారి పక్కన, గోడ కట్టినట్టు నిటారుగా లేచిన కొండ మీద ఆ ఊరు రెండు వేల ఏళ్ళకు పైగా ఉంది. మావాడి లెక్కలో అది పొద్దున తొమ్మిదీ పదికి మొదలై మధ్యాహ్నం మూడూ యాభైకి అయిపోతుంది. మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో మా వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టి ఆ గళ్ళ పట్టికను నాకు చూపించాడు. చూడవలసినవాటికి ఆకుపచ్చ రంగు, తినవలసినవాటికి పసుపు, ముందే టికెట్టు కొన్నవాటికి ఎరుపు. మూడు వందల ఏళ్ళ పాటు కట్టిన చర్చికి ముప్పై ఐదు నిమిషాలు, ఫొటోలతో కలిపి. ఇండియన్ రెస్టారెంట్లో భోజనానికి నలభై ఐదు. ఆ లెక్కన పప్పన్నం చర్చి కన్నా పది నిమిషాలు గొప్పది. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చూశాను. పదిహేను రోజుల్లో ఐదు దేశాలు తిరిగే ప్రయాణంలో ఇంత ఉదారంగా ఇంకే చిన్న ఊరికీ ఇవ్వలేదన్నాడు. నిజమే. వెనిస్‌కి నాలుగు గంటలే ఇచ్చాడు. అదీ మునిగిపోతోందని జాలిపడి ఇచ్చినట్టుంది.

పట్టికలో అన్నిటికన్నా పెద్ద గడి ఒక బావిది. ‘నాన్న బావి, యాభై నిమిషాలు’ అని రాసి ఉంది. ఒర్వియెటోలో కొండను తొలిచి తవ్విన పాతకాలపు బావి ఒకటుంది. గాడిదల మీద నీళ్ళు తెచ్చుకోవడానికి దాని లోపల రెండు మెట్ల వరసలు ఒకదాన్నొకటి చుట్టుకుంటూ దిగుతాయి. దిగే గాడిదకు ఎక్కే గాడిద ఎదురుపడదు. మొత్తం రెండు వందల నలభై ఎనిమిది మెట్లు. మా ఇంటికి ఒక్కసారైనా భోజనానికి వచ్చిన తెలుగువాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు, ఎందుకంటే మావారు నలభై ఏళ్ళ పాటు చెప్పారు. ఆ బావిలోకి తాను దిగడం, తిరిగి ఎక్కుతుంటే నూరో మెట్టు దగ్గర ఆయాసం వచ్చి కూలబడటం, వెనకాల వస్తున్న ఒక చర్చి ఫాదరు ‘గాడిదనైతే కర్రతో లేపేవాణ్ణి’ అనడం. ఆ ఫాదరు మొదట్లో లేడు. ఏ పదో ఏటో వచ్చి కథలో చేరాడు. రాజీవ్ ఈ కథ వింటూ పెరిగాడు. నూరో మెట్టు మీద వాడూ, వాడి పదేళ్ళ కూతురు ఇషా కూర్చుని ఫొటో తీసుకోవాలన్నదే ఈ ప్రయాణానికి అసలు కారణం. మావారు పోయి పది నెలలైంది.

ఆ రెండు మెట్ల వరసల్నీ ఉపమానంగా వాడుకోవచ్చు, బతికున్నవాళ్ళు ఒక వైపు, పోయినవాళ్ళు ఒక వైపు అంటూ. సంతాపసభలో ఒకాయన వాడారు కూడా. నేను వాడను. అవి గాడిదల కోసం కట్టిన మెట్లు.

పట్టిక తయారైన వారానికి మూర్తిగారు భోజనానికి వచ్చారు. మూర్తిగారు మాకు ముప్పై ఏళ్ళుగా తెలిసిన రిటైర్డ్ ఇంజనీరు. ఆస్ట్రేలియా వచ్చాక శాస్త్రం నేర్చుకున్నవారు. మన దగ్గర పుట్టి పెరిగినన్నాళ్ళూ ఆయనకు వర్జ్యం అంటే ఏమిటో తెలియదు, మెల్‌బోర్న్ వచ్చాక దానికి ఒక ఫోను యాప్ పెట్టుకున్నారు. ఇటలీ ప్రయాణం గురించి రాజీవ్ చెబుతుంటే పెరుగన్నంలో చెయ్యి ఆపారు.

“కొండ మీది ఊరా? ఏటిసూతకం తీరేదాకా కొండ ఎక్కకూడదు చెల్లెమ్మా. ఇది నేను చెప్పేది కాదు, పెద్దలు చెప్పింది.”

“అంకుల్, అది టెంపుల్ కాదు. జస్ట్ టూరిస్ట్ ప్లేస్,” అన్నాడు రాజీవ్.

“పైన గుడి ఉందా, లేదా?”

“చర్చ్ ఉంది. పెద్ద కథీడ్రల్.”

“మరింకేం? దేవుడి కొండే కదా. ఎవరి దేవుడైతేనేం.”

అన్ని మతాలూ సమానమని మూర్తిగారి నోట వినడం ముప్పై ఏళ్ళలో అదే మొదటిసారి.

మా కోడలు లావణ్య తెలివైన పిల్ల. “అంకుల్, స్టేషన్ నుంచి పైకి ఫ్యునిక్యులర్ ఉంది, తాడుతో లాగే ట్రైన్. ట్రైన్ ఎక్కుతుంది కానీ మనం ఎక్కట్లేదుగా, కూర్చునే ఉంటాం,” అంది.

“తిరుమలకి బస్సులో వెళ్తే ఎక్కినట్టు కాదా అమ్మా?”

రాజీవ్ అప్పుడే ఫోను తీసి, “ఓకే, పీసాకి మార్చేద్దాం. పీసా ఫ్లాట్,” అన్నాడు.

“బట్ డాడ్, ద టవర్ ఈజ్ టాల్,” అంది ఇషా. “డజ్ లీనింగ్ కౌంట్?”

మూర్తిగారు నిజంగానే ఆలోచించారు. “టవర్ కింద నిలబడి చూడొచ్చు. ఎక్కకుండా ఉంటే సరి,” అని తీర్పు చెప్పి మజ్జిగ పోసుకున్నారు. సముద్రం దాటకూడదని కూడా పెద్దలు చెప్పారు. దాన్ని మేమందరం విమానం ఎక్కిన రోజే మర్చిపోయాం. కొండ మాత్రం గుర్తుంది.

నేను ఆ వాదనలో కలగజేసుకోకపోవడానికి కారణం నా అలమరలో ఉంది. అంతకు రెండు వారాల ముందు మావారి పాత సూట్‌కేసు ఖాళీ చేశాను. కాలం చెల్లిన పాస్‌పోర్టుల అడుగున, నల్లగుడ్డలో చుట్టి టమాటా మొక్కలకు కట్టే పురికొసతో ముడేసిన పొట్లం ఒకటి దొరికింది. అరచేతిలో పట్టేంత. ముడి విప్పలేదు. లోపల ఏముందో నాకు తెలుసు, అది కడుతున్నప్పుడు నేను ఎదురుగా ఉన్నాను. నాకు తెలియనిదల్లా అది మా ఇంట్లో ఉందని. నలభై ఏళ్ళ క్రితమే అది తన చోటికి చేరిపోయిందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. పది నెలలుగా వచ్చినవాళ్ళందరూ మావారి గురించి మంచే చెబుతున్నారు. వింటుంటే ఇంకెవరి గురించో చెబుతున్నట్టు ఉండేది. ఆ పొట్లం చేతిలోకి తీసుకున్నాక మాత్రం ఆయన మళ్ళీ నా ఎదురుగా కూర్చున్నట్టయింది. బాగా కోపం వచ్చింది.

ఆ ముడి వేసింది రోసమ్మగారు. ఇటలీ ఆవిడ, అసలు పేరు రోసా. పెద్దావిడను ఒట్టి పేరుతో పిలవడం చేతగాక మేము ఒక అమ్మ, ఒక గారు తగిలించాం. పెళ్ళయిన కొత్తలో మేము మెల్‌బోర్న్‌లో దిగినప్పుడు కోబర్గ్‌లో ఆవిడ ఇంటి వెనక వాటా అద్దెకు తీసుకున్నాం. ఒక గది, అందులోనే ఒక మూల పొయ్యి. ఆవిడ భర్త పోయి అప్పటికి ఆరేళ్ళు. నల్ల గౌను, నల్ల మేజోళ్ళు, నల్ల శాలువ. వేసవిలో రోడ్డు మీద తారు కరుగుతున్నా అవే. మా అత్తగారి వైపు వాళ్ళకు ఏడాది సూతకమే ఎక్కువనిపించేది, ఈవిడ ఆరేళ్ళుగా మానలేదు. రోజూ తెల్లవారగానే కాఫీ వాసన, వెనకే సిమెంటు చేసిన వాకిట్లో గొట్టంతో నీళ్ళు కొట్టే చప్పుడు. శనివారం శ్మశానానికి వెళ్ళి భర్త సమాధి తుడిచి, వారమంతా జరిగినవి ఆయనకు చెప్పి, ఆయన చేసిన పాత తప్పులకు కాసేపు తిట్టి వచ్చేది. తిరిగి వచ్చాక ముఖం తేటగా ఉండేది. మనకు తద్దినానికి పెట్టుకున్నంత పనిని ఆవిడ వారానికోసారి చేసేది, బ్రాహ్మణార్థం లేకుండా.

మా వాటాకి వెళ్ళాలంటే ఆవిడ గరాజు లోంచి వెళ్ళాలి. చలికాలంలో ఆ గరాజు కప్పుకి పంది మాంసపు చుట్టలు వేలాడేవి. గేటు దగ్గర ఊపిరి బిగబట్టి మా గుమ్మం దగ్గర వదిలేదాన్ని. తెనాలిలో పుట్టి వెల్లుల్లి కూడా ఎరగని ఇంట్లో పెరిగిన నాకు అదొక ప్రాణాయామం. ఆవిడకు మా ఇంగువ అంతే. మొదటిసారి చారుకి పోపు పెట్టిన రోజు తలుపు తట్టి, పొయ్యి వెనక ఏదైనా చచ్చిందేమోనని వంగి చూసింది. ఒకరి వాసనకు ఒకరు అలవాటు పడటానికి ఒక చలికాలం పట్టింది. ఆ తర్వాత ఆవిడే ఒకనాడు, “ఆ చెడ్డ పొడి ఇవాళ వెయ్యలేదేం? ఒంట్లో బాగాలేదా?” అని అడిగింది.

ఫిబ్రవరి ఎండల్లో టమాటాల రోజు ఉండేది. ఆవిడ బంధువులంతా వచ్చి, పెట్టెలకొద్దీ టమాటాలు మరలో తిప్పి, సీసాల్లో పోసి, పాత ఇనప పీపాలో ఆ సీసాలు పేర్చి కింద కట్టెలు మండించి ఉడకబెట్టేవాళ్ళు. ఏడాదికి సరిపడా. మావారికి మొదటి ఏడు మర తిప్పే పని ఇచ్చారు. ఆయన ఇంజనీరు కాబట్టి రెండో పెట్టె దగ్గర ఆ మరను ఎలా బాగుచెయ్యవచ్చో వివరించడం మొదలుపెట్టారు. మూడో పెట్టెకి ఆయన్ని సీసాలు కడగడానికి పంపించారు. ఆ పదవి నుంచి మళ్ళీ పైకి రాలేదు. అదే వారం నేను పచ్చి ఆపిల్ ముక్కలతో ఆవకాయ పెట్టాను. అప్పట్లో ఇక్కడ పచ్చి మామిడికాయ దొరికేది కాదు. రోసమ్మగారు ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళ నీళ్ళు తుడుచుకుని, “ఈ ఆపిల్ మీకు ఏం అపకారం చేసింది?” అంది. అయినా ఇంకో ముక్క అడిగింది.

మావారు పనిచేసే బట్టల మిల్లు కొత్త మగ్గాలు కొంటూ, వాటిని నేర్చుకోవడానికి ఆయన్ని రెండు వారాలు ఇటలీ పంపించింది. ఫ్లోరెన్స్ పక్కన ఒక చిన్న ఊరు. నా టికెట్టు మేమే కొనుక్కున్నాం. సెలవు ఒక్క ఆదివారం. ఈ సంగతి విన్న రోజు రోసమ్మగారు చేతిలో చీపురు గోడకి ఆనించి, మా గదిలోకి వచ్చి మంచం మీద కూర్చుంది. ఆవిడ పుట్టిన ఊరు ఒర్వియెటో. ఓడలో వచ్చి ముప్పై ఏళ్ళయింది, తిరిగి వెళ్ళలేదు. ఓడ అంటే భయం, విమానం అంటే అసలు నమ్మకం లేదు. మా ఒక్క రోజు ప్రయాణానికి ఆవిడ మూడు ఆదివారాలు కూర్చుని ప్లాను చెప్పింది, మావారు నాలుగు కాగితాల మీద తెలుగులో రాసుకున్నారు.

ఆ ప్లానులో ఒక్క చోట కూడా టైము లేదు. స్టేషన్లో కాఫీ తాగొద్దు, నీళ్ళు కలుపుతాడు. పైకి వెళ్ళే బస్సులో ఎడమ వైపు కూర్చోండి. దిగగానే చర్చి కనిపిస్తుంది, దాన్ని చూస్తూ నిలబడిపోవద్దు, చర్చి ఎక్కడికీ పోదు, మా చెల్లెలు వంట చేసుకుని కూర్చుంటుంది. మాంసం తినరని దానికి ఉత్తరం రాశాను, నమ్మదు, ఒక ముక్క పెడుతుంది, పక్కకి తీసి పెట్టండి, తిట్టొద్దు. తిన్నాక అది మిమ్మల్ని శ్మశానానికి తీసుకెళ్తుంది. అక్కడ తొందరపడకూడదు. తిరిగి వచ్చేటప్పుడు బావి. మెట్లు లెక్కపెట్టండి, నేను చిన్నప్పుడు లెక్కపెట్టినవి అన్నీ ఉన్నాయో లేదో నాకు చెప్పాలి.

శ్మశానంలో పని ఏమిటంటే ఆ పొట్లం. వాళ్ళు సమాధి రాయి మీద పోయినవాళ్ళ ముఖం పింగాణీ బిళ్ళ మీద అచ్చువేయించి అతికిస్తారు, కోడిగుడ్డు ఆకారంలో. రోసమ్మగారి భర్త సమాధి మెల్‌బోర్న్‌లో ఉంది. ఆయన తల్లి సమాధి ఒర్వియెటోలో ఉంది. ఇరవై రెండేళ్ళప్పుడు ఓడ ఎక్కిన కొడుకుని ఆ తల్లి మళ్ళీ చూడలేదు. అందుకని రోసమ్మగారు అదే ఫొటోతో రెండో బిళ్ళ చేయించింది. “వాళ్ళమ్మ పక్కన పెట్టండి. ఆలస్యం చేశాడని తిడుతుంది. తిట్టనీ,” అని తన పాత నల్ల గౌను అంచు చించి చుట్టి, పురికొస కట్టి మావారి చేతిలో పెట్టింది.

ఈ లోపల తెనాలి నుంచి టెలిగ్రాం వచ్చింది. మా మామగారు పోయారు. సెలవు దొరికి, టికెట్టు దొరికి మావారు ఇల్లు చేరేసరికి పదకొండో రోజు. పెద్దకొడుకు ఈయన, తలకొరివి పెట్టింది తమ్ముడు. తిరిగి వచ్చాక ఆయన ఆ సంగతి ఎత్తలేదు, నేను కదిలించలేదు. ఇటలీ ప్రయాణం అప్పటికి ఇంకా మూడు నెలలుంది. ఒకరోజు ఆయన వాళ్ళ పెదనాన్నగారికి ఉత్తరం రాశారు. ఒర్వియెటో అనే ఊరు కొండ మీద ఉంది, ఏటిసూతకంలో వెళ్ళవచ్చునా అని. మేము బయల్దేరే వారం జవాబు వచ్చింది. “చిరంజీవికి ఆశీస్సులు. కొండ కొండే.” మిగతా ఉత్తరమంతా పెదనాన్నగారి కీళ్ళనొప్పులు.

రోసమ్మగారికి ఆ సంగతి చెప్పే ధైర్యం మాకు లేకపోయింది. ఆవిడ చెల్లెలికి ఉత్తరం ఎప్పుడో వెళ్ళిపోయింది. మావారు దారి కనిపెట్టారు. మనం మాట ఇచ్చింది ఒర్వియెటో వెళ్తామని. స్టేషన్ బోర్డు మీద ఒర్వియెటో అని ఉంటుంది. స్టేషన్ కొండ కింద ఉంది. కాబట్టి అక్కడి దాకా వెళ్దాం. ఇంజనీర్లు దేవుణ్ణి నమ్మినా, మానినా బోర్డుని నమ్ముతారు.

అలా ఒక ఆదివారం పొద్దున మేము ఒర్వియెటో స్టేషన్లో దిగి, బయట ఒక బెంచీ మీద కూర్చున్నాం. ఎదురుగా కొండ, దాని అంచున వరసగా ఇళ్ళ వెనక గోడలు, ఆరేసిన బట్టలు. బస్సు వచ్చి మనుషుల్ని ఎక్కించుకుని పైకి వెళ్ళింది. దిగి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. నాలుగోసారికి డ్రైవరు మమ్మల్ని చూసి తలుపు తెరిచి పెట్టి ఆగాడు. మావారు ఆయనకి దణ్ణం పెట్టారు.

“ఏవండీ, మీరు కూర్చోండి. నేను వెళ్ళి ఇచ్చేసి వస్తాను,” అన్నాను.

“నీకు లేదా ఏమిటి సూతకం? కోడలివి కాదూ?”

“పొట్లానికి లేదుగా. ఎవరిచేతనైనా పంపిద్దాం. ఆవిడ ఎదురుచూస్తుంటుంది పాపం.”

ఆయన పొట్లం తీసుకుని స్టేషన్ మాస్టరు గదిలోకి వెళ్ళారు. వచ్చేటప్పుడు చేతులు ఖాళీ. “ఇచ్చాను. సాయంత్రం డ్యూటీ దిగాక పైకి తీసుకెళ్ళి ఇస్తానన్నాడు,” అన్నారు. నేను నమ్మాను. పెళ్ళయి రెండేళ్ళు, నమ్మే వయసు.

తర్వాత స్టీలు డబ్బా తెరిచాం. మేమున్న లాడ్జి గదిలో చిన్న కరెంటు పొయ్యి మీద దొంగతనంగా చేసిన నిమ్మకాయ పులిహోర. తిన్నాక ఆయన రోసమ్మగారి కాగితాలు తీసి మొదటినుంచి పైకి చదివారు. చదువుతూ వేలితో కొండ మీదికి చూపించారు. “ఇప్పుడు చర్చి దగ్గర దిగేవాళ్ళం. ఇప్పుడు వాళ్ళ చెల్లెలింట్లో ఉండేవాళ్ళం. అదిగో, ఆ పొగ గొట్టం వాళ్ళదే కావచ్చు.” బావి దగ్గరికి వచ్చేసరికి ఎండ తిరిగింది. మొత్తం ఐదు గంటలు. మావారి ఒర్వియెటో యాత్ర అంతే.

తిరిగి రాగానే రోసమ్మగారు కాఫీ పెట్టి ఎదురుగా కూర్చుంది. మావారు ఆవిడ చెప్పిన ప్లానునే ఆవిడకు తిరిగి చెప్పారు. బస్సులో ఎడమవైపు, చర్చి, అన్నీ. మీ చెల్లెలింటి తలుపు ఎంత తట్టినా తియ్యలేదు, ఏ చర్చికో వెళ్ళి ఉంటుంది, మేమే దారి అడిగి వెళ్ళి బిళ్ళ సమాధి దగ్గర పెట్టాం అన్నారు. నేను పక్కనే కూర్చుని కాఫీ తాగాను. అది ఆయన ఒక్కరి అబద్ధమని ఇప్పుడు రాస్తే ఇది నా రెండో అబద్ధమవుతుంది.

మూడు వారాలకు చెల్లెలి ఉత్తరం వచ్చింది. మా కిటికీలోంచి కనిపించింది. రోసమ్మగారు అత్తిచెట్టు కింద నిలబడి ఒకసారి చదివింది, మళ్ళీ చదివింది, మడిచి గౌను జేబులో పెట్టుకుంది. కాసేపటికి మా తలుపు తట్టింది. చేతిలో టమాటా సీసా. ఎప్పటిలాగే నాకు ఇచ్చింది. వెళ్తూ వెళ్తూ మావారి వైపు తిరిగి, “బావి మెట్లు లెక్కపెట్టావా?” అంది.

“రెండు వందల నలభై ఎనిమిది,” అన్నారు.

“సరిగ్గా చెప్పావు,” అని వెళ్ళిపోయింది.

ఆ మాటను మావారు సర్టిఫికెట్టుగా తీసుకున్నారు. దాన్ని పట్టుకునే నలభై ఏళ్ళు బావి కథ చెప్పారు. ఆ ఉత్తరంలో ఏముందో రోసమ్మగారు ఎప్పుడూ చెప్పలేదు. ముగ్గురికి వంట చేసి, సాయంత్రం దాకా కిటికీ దగ్గర కూర్చున్న మనిషి ఏం రాస్తుందో ఊహించడానికి చదువు అక్కర్లేదు. మేము సొంత ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోయాక కూడా ఆవిడ పోయేదాకా ఏటేటా ఫిబ్రవరిలో సీసా వచ్చేది. ఆవిడ అంత్యక్రియలకు ఇద్దరం వెళ్ళాం. ఆయన శ్మశానం గేటు దగ్గరే నిలబడిపోయారు. ఎండకు తల తిరుగుతోందన్నారు. జూలై నెల, వాన పడుతోంది.

పోయిన వారం మాసికం పెట్టించడానికి శాస్త్రిగారు వచ్చారు. ముప్పై ఐదేళ్ళ అబ్బాయి, వారంలో ఐదు రోజులు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగు, శని ఆదివారాలు మాకు టెస్టింగు. విస్తళ్ళు తీశాక అడిగాను.

“శాస్త్రిగారూ, ఏటిసూతకంలో కొండ ఎక్కకూడదా?”

“మన వైపు ఎక్కరు ఆంటీ. ఎందుకు, తిరుపతి వెళ్తున్నారా?”

“కాదు. ఒక శ్మశానానికి వెళ్ళాలి. ఒకరి పని మా దగ్గర ఉండిపోయింది. దారిలో కొండ ఉంది.”

ఆయన నవ్వలేదు. “శ్మశానానికి వెళ్ళేవాళ్ళకి సూతకం అడ్డు ఏమిటి ఆంటీ? వాళ్ళకే కదా అసలు సూతకం. దారిలో కొండ వస్తే ఎక్కుతాం, ఏరు వస్తే దాటుతాం. మధ్యలో ఆగి శాస్త్రం అడిగితే పోయినవాళ్ళు ఎదురుచూస్తుంటారు,” అని, బూట్లు వేసుకుని, ఇంకో ఇంట్లో గృహప్రవేశం ఉందని వెళ్ళిపోయారు.

నలభై ఏళ్ళ క్రితం ఈ జవాబు తెనాలిలో కూడా దొరికేది. మావారు పెదనాన్నగారిని కొండ గురించి అడిగారు. శ్మశానం మాట రాయలేదు. ఆయనకు ప్రశ్న అడగడం తెలియక కాదు. సొంత తండ్రి చితి దగ్గరికి సమయానికి చేరలేకపోయిన కొడుకు, ఇంకొక ఆలస్యమైన కొడుకు ముఖాన్ని తీసుకెళ్ళి వాళ్ళమ్మ పక్కన పెట్టాలి. అది ఆయన వల్ల కాలేదు. వల్ల కాదని నాకు చెప్పలేక కొండను అడ్డం పెట్టుకున్నారు. తర్వాత పొట్లం తిరిగి ఇస్తే అబద్ధం బయటపడుతుంది, పారేస్తే పాపం. అందుకని మా నాలుగు ఇళ్ళకూ మోసుకొచ్చారు, పాస్‌పోర్టుల కింద, ఎప్పుడైనా బయల్దేరవచ్చన్నట్టు. ఇది అర్థమయ్యాక కోపం పోయిందని రాయాలనుంది. సగం పోయింది.

రోసమ్మగారి ప్లానులో ఒక మనిషి వంట చేసి ఎదురుచూస్తుండేది. మేము ఆ మనిషి దగ్గరికి వెళ్ళలేదు. మావాడి ప్లానులో ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరు, అందుకని ప్రతి చోటికీ నిమిషాల లెక్కన టైముకి వెళ్తారు. ఏది మేలో నేను చెప్పలేను. చెడగొట్టినవాళ్ళకి తీర్పు చెప్పే హక్కు ఉండదు.

నిన్న సాయంత్రం రాజీవ్ పీసా పట్టిక చూపించడానికి కూర్చుంటే, పొట్లం తెచ్చి లాప్‌టాప్ పక్కన పెట్టాను. అందులో ఏముందో, అది ఎక్కడికి చేరాలో, శాస్త్రిగారు ఏమన్నారో చెప్పాను. శ్మశానం కొండ మీదో కిందో నాకు తెలియదు, చెల్లెలు తీసుకెళ్తుందని మాత్రమే ఆ ప్లానులో ఉంది. వాడు మ్యాపులో వెతికి, “ఉందమ్మా. వెళ్ళొచ్చు,” అని పాత పట్టిక తెరిచాడు. “ఎంత పెట్టను? ట్వంటీ మినిట్స్?”

“టైము రాయకు. అక్కడ తొందరపడకూడదు.”

“అమ్మా, ట్రైన్ ఉంది.”

“చర్చిలోంచి తీసెయ్. అది ఎక్కడికీ పోదు.”

వాడు తీసేశాడు. తర్వాత పొట్లం చేతిలోకి తీసుకుని ఆ ముడి చూశాడు. “నాన్న వెళ్ళినప్పుడే ఇచ్చేసి ఉండొచ్చు కదా?”

“స్టేషన్‌కి ఒక పావుగంట కలుపు,” అన్నాను.

“స్టేషన్‌కా? దేర్స్ నథింగ్ దేర్.”

“వాట్స్ అట్ ద స్టేషన్, నానమ్మా?” అంది ఇషా.

“మీ తాత కూర్చున్న చోటు.”

“నూరో మెట్టు కదమ్మా,” అన్నాడు రాజీవ్.

“బెంచీ.”

వాడు నా ముఖంలోకి చూశాడు. మీసం తీసేస్తే వాడిది అచ్చం వాళ్ళ నాన్న ముఖం. బావి గడి మీదికి వెళ్ళిన వేలు అక్కడే ఆగింది. చెరపలేదు. “ఎంతసేపు కూర్చున్నాడు?” అన్నాడు.

“ఐదు గంటలు.”

“ఐదు గంటలు ఏం చేశాడు?”

“పులిహోర తిన్నాడు. ఊరు చూశాడు.”

వాడు పైన ఒక కొత్త గడి కలిపాడు. ‘నాన్న బెంచీ, పదిహేను నిమిషాలు’ అని రాశాడు. చూడవలసినవాటికి ఆకుపచ్చ, తినవలసినవాటికి పసుపు. దీనికి ఏ రంగు వెయ్యాలని నన్ను అడిగాడు.

పసుపు వెయ్యమన్నాను.